పాత ఇంగ్లీష్ పద్యాలు, వ్యాసాలు, నాటకాలతో భాష నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులు, ఉద్యోగం చేసుకుంటూ ఇంగ్లీష్ మెరుగుపరచుకోవాలనుకునేవారు, పిల్లల చేత మంచి పుస్తకాలు చదివించాలనుకునే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. సాహిత్య విమర్శ ఇక్కడి విషయం కాదు. ఒక పద్యాన్నో, వ్యాసాన్నో, నాటకంలోని ఒక రంగాన్నో పట్టుకొని భాషను ఎలా నేర్చుకోవచ్చన్నదే విషయం.

అమీర్‌పేటలో అడుగడుగునా స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులుండగా, వందల ఏళ్ల నాటి పద్యాలు, నాటకాలు ఎందుకు చదవాలి?

ఆ కోర్సులు పనికిరావని అనడం సరికాదు. బెరుకు పోవడానికి, ఇంటర్వ్యూలో తడుముకోకుండా నాలుగు మాటలు చెప్పడానికి అవి ఉపయోగపడతాయి. అయితే అక్కడ నేర్పేవి చాలావరకు ముందే సిద్ధం చేసిన వాక్యాలు కాబట్టి, ఆ సందర్భం దాటి సొంతంగా వాక్యం కట్టవలసి వచ్చినప్పుడు నోరు పెగలదు. మంచి రచయిత రాసిన వాక్యంలో ఈ మాట ఇక్కడే ఎందుకుంది, క్రియ ఈ రూపంలోనే ఎందుకుంది అని అడిగితే జవాబు దొరుకుతుంది. పైగా అలాంటి పేజీని పదిసార్లు చదివినా విసుగు పుట్టదు; రైలు టికెట్ కొనే సంభాషణను మూడోసారి చదవమంటే మాత్రం ఎవరికైనా ప్రాణం మీదికి వస్తుంది.

పద్యం ద్వారా భాష నేర్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. వేమన పద్యం, సుమతీ శతకం నోటికి వచ్చిన తరువాతే తెలుగు వాక్యం మీద పట్టు సంపాదించిన తరాలు మనకున్నాయి. అదే పద్ధతిని ఇంగ్లీష్‌కు వర్తింపజేయాలన్నదే ఈ పేజీలోని జవాబులన్నింటికీ ఆధారం.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఏ రచనతో మొదలుపెట్టాలి?

ఈ ఊళ్లో ఉన్నవారికి మేము సూచించే మొదటి పద్యం సరోజినీ నాయుడు రాసిన ‘ఇన్ ద బజార్స్ ఆఫ్ హైదరాబాద్’. ఆమె 1879లో ఈ నగరంలోనే పుట్టారు. ఆమె తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ నిజాం కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. ఈ పద్యం 1912లో వెలువడిన ‘ద బర్డ్ ఆఫ్ టైమ్’ సంపుటిలో ఉంది. వస్తువు కూడా మనకు తెలిసినదే: తలపాగాలు, కుంకుమపువ్వు, పప్పులు, బియ్యం, గంధం, గోరింటాకు, గాజులు, గజ్జెలు, చివరికి పెళ్లికొడుక్కీ, చనిపోయినవారికీ ఒకే చేత్తో పూలు కట్టే అమ్మాయిలు.

పద్యమంతా ప్రశ్న, జవాబులుగా నడుస్తుంది. ‘వాట్ డు యు సెల్, ఓ యీ మర్చంట్స్?’ అని మొదలై, తూచేవాళ్లను ‘వాట్ డు యు వెయ్’ అని, నూరేవాళ్లను ‘వాట్ డు యు గ్రైండ్’ అని, కంసాలులను ‘వాట్ డు యు మేక్’ అని, పూలు కట్టే అమ్మాయిలను ‘వాట్ డు యు వీవ్’ అని అడుగుతూ పోతుంది. తెలుగులో ‘ఏం అమ్ముతున్నారు?’ అని అడగడానికి ప్రశ్నార్థక పదం ఒకటి చాలు, వాక్య నిర్మాణం మారదు. ఆ అలవాటు వల్లనే మనం ‘వాట్ యు ఆర్ సెల్లింగ్?’, ‘వాట్ యు వాంట్?’ అంటూ ఉంటాం. ఇంగ్లీష్‌లో ప్రశ్న అడగాలంటే సహాయక క్రియ కర్తకు ముందు రావాలి, అది లేకపోతే ‘డు’ను తెచ్చి పెట్టాలి. ఈ సూత్రాన్ని వ్యాకరణ పుస్తకంలో చదివితే అర్థమవుతుంది కాని నాలుకకు ఎక్కదు. ఈ పద్యాన్ని వారం రోజులు గొంతెత్తి చదివిన తరువాత మొజంజాహీ మార్కెట్‌లో కనిపించిన ప్రతి దుకాణాన్నీ చూసి ఇలాంటి ప్రశ్న ఒకటి మనసులో కట్టుకోండి. ‘డు’ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

పద్యంలో మాటలు తలకిందులుగా ఉంటాయి. ప్రతి మాటకూ అర్థం తెలిసినా వాక్యం అర్థం కాదు. ఏం చేయాలి?

అన్వయం చేసుకోవాలి. పోతన పద్యాన్ని బడిలో ఎలా చెప్పారో గుర్తు తెచ్చుకోండి: ముందు పదాలు విడదీసి, ప్రతిపదార్థం చెప్పి, కర్త ఏది, కర్మ ఏది, క్రియ ఏదని అడిగి, మాటలను వచనంలో ఉండవలసిన వరుసలో పేర్చి, ఆ తరువాతే తాత్పర్యం రాయించేవారు. ఇంగ్లీష్ పద్యం దగ్గరికి వచ్చేసరికి మనం ఈ మెట్లన్నీ వదిలేసి, నేరుగా తాత్పర్యానికి, అంటే గైడులోని సారాంశానికి దూకుతున్నాం. భాష నేర్పేవి మధ్యలో వదిలేసిన ఆ మెట్లే.

టామస్ గ్రే 1751లో ప్రచురించిన ‘ఎలిజీ’ని తీసుకుందాం. మూడో పాదం ‘ద ప్లౌమన్ హోమ్‌వర్డ్ ప్లాడ్స్ హిజ్ వియరీ వే.’ కర్త దున్నేవాడు, క్రియ ‘ప్లాడ్స్’, కాళ్లీడ్చుకుంటూ నడవడం. ‘హోమ్‌వర్డ్’ అనే మాట మామూలు వచనంలో క్రియ తరువాత రావాలి. ‘ద ప్లౌమన్ ప్లాడ్స్ హిజ్ వియరీ వే హోమ్‌వర్డ్’ అని కాగితం మీద రాసుకుంటే ముడి విడిపోతుంది. ఇది సులువైనది.

రెండో చరణంలో ఉంది అసలు పరీక్ష: ‘అండ్ ఆల్ ది ఎయిర్ ఎ సాలెమ్ స్టిల్‌నెస్ హోల్డ్స్.’ ఇక్కడ కర్త ఏది? గాలి అంతా గంభీరమైన నిశ్శబ్దాన్ని పట్టి ఉంచిందా, లేక గంభీరమైన నిశ్శబ్దం గాలినంతా పట్టి ఉంచిందా? రెండూ ఏకవచనాలే కనుక ‘హోల్డ్స్’ అనే క్రియ రెండింటికీ అతుకుతుంది. తెలుగులో అయితే ఈ చిక్కు ఇంతగా ఉండదు; ‘గాలిని’ అన్నా, ‘నిశ్శబ్దాన్ని’ అన్నా ఆ ‘ని’ చూసి కర్మను గుర్తుపడతాం, మాట ఎక్కడున్నా ఫరవాలేదు. ఇంగ్లీష్ నామవాచకానికి అలాంటి ప్రత్యయం లేదు, స్థానమే దాని విభక్తి. కవి స్థానం మార్చగానే కర్త, కర్మల గుర్తులు చెరిగిపోతాయి. మనం ఇంగ్లీష్ రాసేటప్పుడు మాటల వరుస తప్పితే ఎదుటివారికి ఎందుకు అర్థం కాదో ఈ ఒక్క పాదం చెప్పినంత బాగా ఏ వర్క్‌బుక్కూ చెప్పదు. ఈ పాదానికి రెండు అన్వయాలూ రాసి పెట్టుకోండి, ఏదో ఒకటి కొట్టేయవలసిన అవసరం లేదు.

ఎ, యాన్, ద ఎక్కడ వాడాలో ఎన్ని సూత్రాలు చదివినా పట్టుబడడం లేదు. దీనికి పద్యం సాయపడుతుందా?

సాయపడుతుంది. 1807లో అచ్చయిన వర్డ్స్‌వర్త్ ‘డాఫడిల్స్’ పద్యాన్ని ఇంటర్‌లోనో డిగ్రీలోనో చాలామంది చదివే ఉంటారు. దాని మొదటి చరణంలో ఆర్టికల్స్ కింద మాత్రమే గీతలు గీయండి. ‘యాజ్ ఎ క్లౌడ్’, ‘ఎ క్రౌడ్’, ‘ఎ హోస్ట్’ అని వరుసగా మూడుసార్లు ‘ఎ’ వస్తుంది. ఇవి పాఠకుడికి అప్పుడే కొత్తగా కనిపిస్తున్నవి. వెంటనే ‘బిసైడ్ ద లేక్, బినీత్ ద ట్రీస్’ అంటాడు. ఆ సరస్సు గురించి అంతకుముందు ఒక్క మాట చెప్పలేదు, అయినా ‘ద’ వచ్చింది. మనం కూడా తన పక్కనే నిలబడి ఆ సరస్సును చూస్తున్నట్టు కవి మాట్లాడుతున్నాడు. ‘మొదట చెప్పినప్పుడు ఎ, రెండోసారి ద’ అనే బడి సూత్రం ఇక్కడ సరిపోదని, చెప్పేవాడికీ వినేవాడికీ ఏది ఎదురుగా ఉందన్నదే అసలు లెక్క అని తెలిసేది ఇలాంటి చోటే.

ఇదే దృశ్యాన్ని ఆయన చెల్లెలు డొరొతీ తన డైరీలో 1802 ఏప్రిల్ 15న వచనంలో రాసిపెట్టారు. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. పద్యం కన్నా ఆ డైరీ వాక్యాల నుంచే మీరు రాయదగిన ఇంగ్లీష్ ఎక్కువ దొరుకుతుంది.

షేక్‌స్పియర్ ఇంగ్లీష్ ఇప్పుడు ఎవరూ మాట్లాడరు కదా?

మాట్లాడరు, మీరూ మాట్లాడకూడదు. కాని అది అనుకున్నంత దూరపు భాష కాదు. ‘దౌ’, ‘దీ’ అనేవి మన ‘నువ్వు’, ‘నిన్ను’ లాంటివి, ‘యు’ అప్పట్లో ‘మీరు’ వంటిది. ఒక పాత్ర ‘యు’ నుంచి ‘దౌ’కు మారిందంటే ప్రేమ పెరిగిందో, కోపం వచ్చిందో తెలుగువారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ‘హాత్’, ‘డత్’ అంటే నేటి ‘హాజ్’, ‘డజ్’. ఇవి ఒక సాయంత్రం పని. నిజంగా జాగ్రత్త పడవలసినవి తెలిసినట్టు కనిపించి మోసం చేసే మాటలు: ‘వేర్‌ఫోర్’ అంటే ఎక్కడ అని కాదు, ఎందుకు అని, ‘ప్రెజెంట్లీ’ అంటే ఆయన కాలంలో వెంటనే అని. అందుకే ఎదురు పేజీలో అర్థాలున్న ప్రతిని కొనుక్కోవాలి.

మొదటి నాటకంగా ‘జూలియస్ సీజర్’ మంచిది. 1599 ప్రాంతంలో రాసిన ఈ నాటకంలో మూడో అంకం, రెండో రంగంలోని ఆంటొనీ ప్రసంగం చూడండి: ‘ఐ కమ్ టు బెరీ సీజర్, నాట్ టు ప్రెయిజ్ హిమ్.’ నాలుగో తరగతి పిల్లవాడికి తెలియని మాట ఇందులో ఎన్ని ఉన్నాయి? ఆ తరువాత ‘బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మాన్’ అనే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. మాటలు దాదాపు అవే, అర్థం మాత్రం గౌరవంతో మొదలై, అనుమానం మీదుగా నిప్పులు చెరిగే వెటకారం దాకా పోతుంది. దాన్ని ప్రతిసారీ వేరే స్వరంతో చదివి ఫోన్‌లో రికార్డు చేసుకొని వినండి. ఇంగ్లీష్‌లో స్వరం ఎంత పని చేస్తుందో, మనం ఎంత చదునుగా మాట్లాడుతున్నామో ఒక్కసారిగా తెలుస్తుంది.

ఇంగ్లీష్ ఛందస్సు తెలుసుకుంటే ఉచ్చారణ బాగుపడుతుందా?

ఉచ్చారణలో ఒక ముఖ్యమైన భాగం బాగుపడుతుంది. మన ఛందస్సు కాలం మీద నడుస్తుంది: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంగ్లీష్ ఛందస్సు ఊనిక మీద నడుస్తుంది. గ్రే పద్యంలోని మొదటి పాదంలో పది అక్షరాలు, అయిదు ఊనికలు: ‘ద కర్‌ఫ్యూ టోల్స్ ద నెల్ ఆఫ్ పార్టింగ్ డే.’ ‘కర్’, ‘టోల్స్’, ‘నెల్’, ‘పార్ట్’, ‘డే’ అనే చోట్ల గొంతు ఒత్తి పలుకుతుంది. ‘ద’, ‘ఫ్యూ’, ‘ఆఫ్’, ‘ఇంగ్’ బలహీనంగా జారిపోతాయి. తేలిక, ఊనిక, తేలిక, ఊనిక అనే ఈ నడకకే ఐయాంబిక్ అని పేరు. ఇలాంటి జంటలు అయిదుంటే పెంటామీటర్.

తెలుగువారు సాధారణంగా ‘ద’ను, ‘ఆఫ్’ను కూడా నిండుగా, మిగిలిన మాటలతో సమానంగా పలుకుతారు. అక్షరాలన్నీ స్పష్టంగానే వినిపిస్తాయి, అయినా ఏది ముఖ్యమో వినేవారికి అందదు. టేబుల్ మీద వేలితో తడుతూ, దెబ్బ పడిన చోట మాత్రమే గొంతు పెంచుతూ రోజుకు ఎనిమిది పాదాలు చదివితే ఈ అలవాటు మెల్లగా సడలుతుంది. ‘ప్రెజెంట్’, ‘రికార్డ్’ వంటి మాటలు నామవాచకంగా ఉన్నప్పుడు మొదటి అక్షరం మీద, క్రియగా ఉన్నప్పుడు రెండో దాని మీద ఊనిక తీసుకుంటాయన్నది కూడా అప్పుడు చెవికి తెలుస్తుంది. అయితే ‘వి’కి, ‘డబ్ల్యు’కి తేడా, ‘జెడ్’ ధ్వని వంటివి పద్యంతో రావు. వాటికి విడిగా సాధన చేయవలసిందే.

వ్యాసాల్లో ఎవరివి చదవాలి? ఎలా చదవాలి?

రాయడం నేర్చుకోవాలంటే పద్యం కన్నా, నాటకం కన్నా వ్యాసమే దగ్గరి దారి. పాఠ్యపుస్తకాల్లో మొదట కనిపించేది బేకన్. 1597లో పది వ్యాసాలతో మొదలైన ఆయన పుస్తకం 1625 నాటికి యాభై ఎనిమిదికి పెరిగింది. ‘రీడింగ్ మేకెత్ ఎ ఫుల్ మాన్, కాన్ఫరెన్స్ ఎ రెడీ మాన్, అండ్ రైటింగ్ యాన్ ఇగ్జాక్ట్ మాన్’ అనే వాక్యంలో క్రియ ఒక్కసారే వచ్చి మూడు భాగాలకూ సరిపోయింది. ఎక్కడ ఏ మాట వదిలేయవచ్చో నేర్చుకోవడానికి బేకన్ బాగుంటాడు. కాని ఆయన వాక్యాలను అనుకరిస్తే మీ ఉత్తరం శిలాశాసనంలా తయారవుతుంది, కనుక చదివి పక్కన పెట్టండి.

అనుకరించదగినవాడు అడిసన్. ఆయన, స్టీల్ కలిసి 1711లో ‘స్పెక్టేటర్’ అనే దినపత్రికను మొదలుపెట్టారు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ పత్రిక సంపుటి ఒకటి దొరికితే, దానితో తాను ఎలా రాయడం నేర్చుకున్నాడో ఆత్మకథలో వివరంగా చెప్పాడు. ఒక వ్యాసం చదివి, వాక్యానికి ఒక చిన్న సూచన చొప్పున రాసుకొని, కొన్నాళ్లు దాన్ని వదిలేసి, తరువాత ఆ సూచనలను మాత్రమే చూస్తూ వ్యాసాన్ని సొంత మాటల్లో తిరిగి రాసి, మూలంతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి కథలను పద్యంగా మార్చి, మరిచిపోయాక మళ్లీ వచనంలోకి తెచ్చేవాడు. సూచనల కాగితాలను కలగాపులగం చేసి, వారాల తరువాత సరైన వరుసలో పేర్చేవాడు. మాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, ఫీజు కూడా లేదు. రెండు పేరాల వ్యాసభాగంతో మొదలుపెడితే చాలు. మీరు రాసినదానికీ మూలానికీ ఉన్న తేడాలను ఎర్ర ఇంకుతో గుర్తించండి. ఎక్కువ గుర్తులు ఆర్టికల్స్ దగ్గర, ప్రిపొజిషన్ల దగ్గర, క్రియాకాలం దగ్గర పడతాయి. మీ బలహీనతల జాబితా అదే.

ఇంకా తేలికైనవి కావాలంటే ఎ. జి. గార్డినర్‌ను చదవండి. ‘ఆన్ సేయింగ్ ప్లీజ్’ అనే వ్యాసంలో ‘ప్లీజ్’ అనలేదన్న కోపంతో లిఫ్ట్ నడిపేవాడు ఒక మనిషిని బయటికి నెట్టేస్తాడు. ఇది మనవారికి ప్రత్యేకంగా పనికొస్తుంది. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘ఇవ్వండి’ అంటే చాలు. దాన్నే ‘గివ్ మి ద ఫైల్’ అని ఇంగ్లీష్‌లోకి తెస్తే ఆ ‘అండి’ దారిలో రాలిపోయి, ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. ఆఫీసు మెయిళ్లలో మనకు తెలియకుండానే కరుకుదనం వచ్చేది ఇందువల్లనే.

ఆర్వెల్ 1946లో రాసిన ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ చివర చదవండి. చిన్న మాట సరిపోయే చోట పెద్ద మాట వాడవద్దని చెప్పిన ఈ రచయిత పుట్టింది బీహార్‌లోని మోతీహారీలో. ‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ వంటి వాక్యాల మధ్య బతికే మనం ఏడాదికి ఒకసారైనా దీన్ని చదువుకోవాలి.

నాటకాన్ని చదవాలా, చూడాలా?

చదివి చూడాలి, చూసి మళ్లీ చదవాలి. సంభాషణ ఇంగ్లీష్ కోసం షేక్‌స్పియర్ కన్నా ఆస్కార్ వైల్డ్, బెర్నార్డ్ షా మేలు. 1895లో ప్రదర్శించిన ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’లో పెళ్లిచూపుల ఇంటర్వ్యూ లాంటి రంగం ఒకటుంది, తల్లినీ తండ్రినీ కూడా పోగొట్టుకున్నానన్న అబ్బాయితో, ఒకరిని పోగొట్టుకుంటే దురదృష్టమనుకోవచ్చు, ఇద్దరినీ పోగొట్టుకోవడం అజాగ్రత్తలా కనిపిస్తోందని లేడీ బ్రాక్నెల్ అంటుంది. ఆ వాక్యంలోని ‘మే బి రిగార్డెడ్’ ఎంత మర్యాదగా చురక వేస్తుందో గమనించండి.

షా రాసిన ‘పిగ్మేలియన్’ను ఉచ్చారణ గురించి బెంగపడేవారందరూ చదవాలి. పూలమ్ముకునే ఎలైజాకు ధ్వనిశాస్త్ర పండితుడు హిగిన్స్ గొప్పింటి ఉచ్చారణ నేర్పుతాడు. మూడో అంకంలో ఆమె అతిథుల ముందు కూర్చొని, వంక పెట్టలేని ఉచ్చారణతో, తన పిన్నమ్మ జ్వరంతో చచ్చిపోలేదని, ఎవరో చంపేశారని తన పేట యాసలోని మాటలతో చెప్పుకుపోతుంది. ఉచ్చారణ వచ్చింది, ఏ చోట ఏది మాట్లాడాలో ఇంకా రాలేదు. ‘యాక్సెంట్ ట్రైనింగ్’ ఒక్కటే చాలునని నమ్మేవారికి ఇంతకన్నా మంచి జవాబు మేము చెప్పలేం.

రవీంద్రభారతిలోనూ, బంజారాహిల్స్‌లోని లామకాన్‌లోనూ ఇంగ్లీష్ నాటకాలు అప్పుడప్పుడు ఆడుతుంటారు. వెళ్లే ముందు కనీసం ఒక అంకం చదువుకొని వెళ్తే సగం మాటలు జారిపోకుండా ఉంటాయి.

గైడు గాని, తెలుగు అనువాదం గాని చూడవచ్చా?

అనువాదం చూడవచ్చు, అయితే మీ అన్వయం మీరు రాసుకున్న తరువాత. గైడు పరీక్షకు పనికొస్తుంది, భాషకు పనికిరాదు. సారాంశం చదివినవారికి కథ తెలుస్తుంది, వాక్యం తెలియదు.

పద్యాలు కంఠస్థం చేయాలా?

చేయాలి, కొద్దిగా. నాలుగైదు చిన్న పద్యాలు, ఒక ప్రసంగం నోటికి వస్తే వాక్యపు నడక చెవిలో నిలుస్తుంది. సభల్లో కొటేషన్లు విసరడానికి మాత్రం వద్దు. శిష్యుణ్ని ‘మై డియర్ షేక్‌స్పియర్’ అని పిలిచిన గిరీశాన్ని గురజాడ మనకు 1890ల్లోనే చూపించారు.

గ్రూప్-1కు, ఐఈఎల్‌టీఎస్‌కు ఇది పనికొస్తుందా?

నేరుగా పనికిరాదు. ఆ పరీక్షలకు వాటి పాత ప్రశ్నపత్రాలే చదవాలి, రెండు నెలల్లో పరీక్ష ఉన్నవారు ఈ పేజీ మూసేసి ఆ పని చూసుకోవడం మంచిది. ఏడాది పైగా సమయం ఉన్నవారికి మాత్రం వ్యాసాన్ని తిరిగి రాసే సాధన వల్ల ప్రెసీ, ఎస్సే రాయడంలో పట్టు వస్తుంది.

పిల్లలకు లాంబ్ రాసిన షేక్‌స్పియర్ కథలు ఇవ్వవచ్చా?

చార్ల్స్, మేరీ లాంబ్ 1807లో ఇరవై నాటకాలను కథలుగా చెప్పిన పుస్తకం అది. పేరుకు పిల్లల పుస్తకమే కాని, నేటి ఏడో తరగతి వారికి ఆ పొడవాటి వాక్యాలు కష్టం. పెద్దవారు పక్కన కూర్చొని చదివి వినిపిస్తే సరే. లేదంటే బ్లేక్ రాసిన చిన్న పద్యాలతో మొదలుపెట్టండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఉచితంగా చదవడం చట్టబద్ధమేనా?

మన దేశంలో రచయిత మరణించిన తరువాతి ఏడాది మొదలుకొని అరవై ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 1950లో మరణించిన షా, ఆర్వెల్ రచనలకు ఆ గడువు 2010తో ముగిసింది. అంతకు ముందువారి సంగతి చెప్పనక్కరలేదు. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పాతవి చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. మూలపాఠానికి కాపీరైట్ తీరినా, దానికి ఈ కాలపు సంపాదకులు రాసిన నోట్స్‌కు ఉంటుందని మరవకండి.

అచ్చు పుస్తకం కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లండి. పాత విద్యార్థులు మార్జిన్లలో పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్న ప్రతులు అక్కడ దొరుకుతాయి, కొత్తవాటి కన్నా అవే మేలు. అయితే ఆ అర్థాలన్నీ సరైనవని నమ్మవద్దు. కొనకుండా చదవాలంటే, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉన్నాయి. పద్ధతిగా డిగ్రీయో పీజీయో చేయాలనుకునేవారికి, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, సీఫెల్‌గా పేరు పొంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) తార్నాక దగ్గరే ఉంది.

ఒక్కరే చదువుకోవాలా, నలుగురు కలిసి చదవాలా?

వ్యాసం ఒక్కరే చదవాలి, నాటకం నలుగురు కలిసి చదవాలి. వారానికి ఒక రంగం చొప్పున, పాత్రలు పంచుకొని, గంటకు మించకుండా చదవండి. ఎవరైనా తప్పు పలికినప్పుడు మధ్యలో ఆపి దిద్దవద్దు, రంగం పూర్తయ్యాక చెప్పండి. ఇంగ్లీష్ బాగా వచ్చినవారికి పెద్ద పాత్ర ఇవ్వడం అందరూ చేసే పని. దానికి బదులు ఆంటొనీ పాత్రను అందరికన్నా బెరుకుగా ఉన్నవారికి ఇచ్చి, బాగా వచ్చినవారిని గుంపులోని పౌరులుగా పెట్టండి. ఆ పౌరుల మాటలు పొట్టిగా ఉంటాయి, కాని సరిగ్గా అందుకోకపోతే రంగం నడవదు కాబట్టి వారికీ పని ఉంటుంది.